మడికట్టుకున్న ఆట, ఎంగిలి క్యాసెట్

2021 ఆగస్టులో అమెరికాలో ఒక వీడియో గేమ్ పెట్టె 20 లక్షల డాలర్లకు అమ్ముడుపోయింది. 1985లో వచ్చిన 'సూపర్ మారియో బ్రదర్స్' అనే ఆట అది. అరుదైన ఆటేం కాదు, ప్రపంచమంతా కోట్ల కాపీలు పోయిన ఆట. మరి ఆ ఒక్క పెట్టెకు అంత ధర ఎందుకు పలికింది? దాని మీది ప్లాస్టిక్ పొర చినగలేదు గనక. ముప్పై ఏళ్లకు పైగా ఏ పిల్లవాడి చెయ్యీ లోపలి క్యాసెట్‌ను తాకలేదు గనక. అంతకు నెల ముందే 'సూపర్ మారియో 64' సీలు పెట్టె ఒకటి వేలంలో 15 లక్షల 60 వేల డాలర్లకు పోయింది. ఇట్లాంటి పెట్టెల్ని పరీక్షించి, మార్కులు వేసి, గాజులాంటి గట్టి డబ్బాలో బిగించి ఇచ్చే కంపెనీలే ఉన్నాయి. ఎంత తాకకపోతే అన్ని మార్కులు.

ఈ లెక్క మాకెవరూ కొత్తగా నేర్పనక్కర్లేదు. అంటనిది పవిత్రం, అంటింది మైల అనే సూత్రం కిందనే పుట్టి పెరిగిన వాళ్లం. అమెరికా వేలంపాటగాళ్లు మనుస్మృతి చదివి ధర కట్టారని మేం అనడం లేదు. మడి అనే మాట వాళ్లకు లేకపోవచ్చు. ఆ పని మాత్రం అక్కడా నడుస్తోంది. ఆడటానికి చేసిన వస్తువుకు, ఎవరూ ఆడకపోవడమే విలువ ఎట్లా అయిందని అడగడానికి మాకు కొంత అనుభవం ఉందని మాత్రం అంటున్నాం.

మా వాడలకు ఆట అట్లా సీలేసుకుని రాలేదు. నింటెండో కంపెనీ 1983లో జపాన్‌లో ఫామికామ్ అనే యంత్రం తెచ్చింది. 90లలో మన బజార్లకు ఎక్కువగా వచ్చినవి దాని నకళ్లు. టీవీకి తగిలించుకునే ప్లాస్టిక్ డబ్బా, రెండు కంట్రోలర్లు, ఒక బొమ్మ తుపాకి, మనం క్యాసెట్ అని పిలిచే కార్ట్రిడ్జ్. క్యాసెట్ మీద '9999 ఆటలు' అని అచ్చేసి ఉండేది. లోపల చూస్తే పదో ఇరవయ్యో ఉండేవి. తక్కినవన్నీ అవే ఆటలు పేర్లు మార్చుకుని, లెవెళ్లు మార్చుకుని మళ్లీ మళ్లీ వచ్చేవి. మారియో, కాంట్రా, సర్కస్, బాతుల వేట. వాడ మొత్తం మీద ఈ డబ్బా కొన్న ఇల్లు ఒక్కటి లేదు. బస్టాండు దగ్గరి షాపులో గంట లెక్కన పైసలిచ్చి ఆడేది. క్యాసెట్ పట్టకపోతే బయటికి తీసి, నోటితో గట్టిగా ఊది, మళ్లీ గుచ్చేది. ఒకడి తర్వాత ఒకడు ఊదేది. ఎవరి ఎంగిలి ఎవరిదో పట్టించుకున్నవాడు లేడు. హోటల్లో రెండు గ్లాసుల దగ్గర, బోరింగు దగ్గర కచ్చితంగా నడిచిన లెక్క ఆ క్యాసెట్ దగ్గర తప్పిపోయేది.

అలాగని ఆ షాపును సమసమాజమని రాసుకుని మురిసిపోవద్దు. ముందు కుర్చీ పైసలెక్కువున్నోడి కొడుకుదే. మేం ఎక్కువసేపు వెనక నిలబడి చూసినవాళ్లమే. మా అక్కచెల్లెళ్లు ఆ గడప కూడా తొక్కలేదు. (ఊదిన తేమకు పిన్నులు చిలుముపడతాయని, ఊదడం మంచిది కాదని తర్వాత చదువుకున్నాం. అదీ చరిత్రే.)

ఇప్పుడు మా ప్రశ్న సూటిగానే ఉంది. సీలు విప్పని పెట్టె, ఎంగిలైన క్యాసెట్ - ఈ రెండింటిలో గ్రంథాలయానికి చేరేది ఏది?

పడమటి దేశాల్లో ఈ పని చేస్తున్నవాళ్లను తక్కువ చేయడం మా ఉద్దేశం కాదు. ఫ్రాన్స్ 1992 చట్టంతో పుస్తకాలతోపాటు సాఫ్ట్‌వేర్‌ను కూడా జాతీయ గ్రంథాలయానికి ఇవ్వాల్సిన వాటిలో చేర్చింది. అట్లా వాళ్ల ఆటలు చట్టప్రకారమే అక్కడికి చేరుతున్నాయి. జపాన్ జాతీయ పార్లమెంటు గ్రంథాలయం 2000 నుంచి డిస్కుల రూపంలో వచ్చే ఎలక్ట్రానిక్ ప్రచురణలను తీసుకుంటోంది. మిషిగన్ విశ్వవిద్యాలయం 2008లో ఆటల ఆర్కైవు తెరిచి, విద్యార్థుల్ని అక్కడే కూర్చుని ఆడనిచ్చింది. రోచెస్టర్‌లోని స్ట్రాంగ్ మ్యూజియం 2009లో ఎలక్ట్రానిక్ ఆటల చరిత్ర కోసం ఒక కేంద్రం పెట్టింది. స్టీఫెన్ కాబ్రినెటీ అనే ఆయన పోగేసిన వేలాది సాఫ్ట్‌వేర్ పెట్టెలు స్టాన్‌ఫర్డ్ గ్రంథాలయంలో ఉన్నాయి. న్యూయార్క్ ఆధునిక కళల మ్యూజియం 2012లో 14 ఆటల్ని కళాఖండాలుగా స్వీకరించింది. న్యూమెక్సికో ఎడారిలో అటారీ కంపెనీ 1983లో పాతిపెట్టిన క్యాసెట్లను 2014లో తవ్వి తీస్తే, వాటిలో ఒకటి స్మిత్‌సోనియన్‌కు చేరింది. వాళ్ల చెత్త కూడా మ్యూజియం ఎక్కుతుంది. మంచిదే.

ఈ రంగంలో ఎక్కువగా వినపడే అంకె 87 శాతం. 2023 జూలైలో వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్, సాఫ్ట్‌వేర్ ప్రిజర్వేషన్ నెట్‌వర్క్ కలిసి ఒక అధ్యయనం ప్రకటించాయి. 2010కి ముందు అమెరికాలో విడుదలైన ఆటల్లో 87 శాతం ఇవ్వాళ మార్కెట్‌లో దొరకవని అది తేల్చింది. అమెరికా మూకీ సినిమాలు ఎంత దారుణంగా పోయాయో ఆటల పరిస్థితీ దాదాపు అంతేనని పోల్చింది. విలువైన పని. కానీ ఈ అంకెను జాగ్రత్తగా చదవాలె. దొరకడం లేదంటే నశించిపోయాయని కాదు. కంపెనీ అమ్మడం లేదని. కొనడానికి వీలుగా ఉందా లేదా అన్నదే ఇక్కడి కొలబద్ద. మరి ఎప్పుడూ సక్రమంగా అమ్మకానికే రానివాటి సంగతేమిటి? మన 9999 ఆటల క్యాసెట్ ఆ 87లోనూ లేదు, మిగిలిన 13లోనూ లేదు. పోయినవాటి జాబితాలో కూడా దానికి చోటు లేదు. జనాభా లెక్కల్లో ఊరిని లెక్కించి వాడను వదిలేసినట్టు ఉంటుంది. దొంగ నకలు గదా, దాన్నెందుకు లెక్కించాలంటారు. ప్రపంచంలో కోట్లమంది పిల్లలు మొదట ముట్టుకున్న కంప్యూటరు అదే అయినప్పుడు, అది దొంగదా దొరదా అన్నది కంపెనీ ప్రశ్న. చరిత్రకారుడి ప్రశ్న అది కాదు.

చట్టం దగ్గరికొద్దాం. అసలు ముడి ఇక్కడుంది.

అమెరికాలో డిజిటల్ తాళాలు పగలగొట్టడం 1998 చట్టం కింద నేరం. మూడేళ్లకోసారి కాపీరైట్ కార్యాలయం కొన్ని మినహాయింపులు ఇస్తుంది. 2018లో, సర్వరు ఆగిపోయిన ఆటల్ని గ్రంథాలయాలు తమ ఆవరణలో మళ్లీ నడుపుకునే వీలు కొంత పెంచింది. 2024లో పరిశోధకుల తరఫున ఇంకో కోరిక పెట్టారు: అమ్మకంలో లేని పాత ఆటల్ని దూరం నుంచి కూడా చూసే వీలు కల్పించమని. అక్టోబరులో ఆ కోరికను తోసిపుచ్చారు. ఆటల కంపెనీల సంఘం గట్టిగా అడ్డుపడింది. చెప్పిన కారణాల్లో ఒకటి దగ్గర మేం ఆగిపోయాం. ఇట్లా తెరిస్తే జనం వాటిని వినోదం కోసం వాడుకునే ప్రమాదం ఉందట.

ఆటను సరదాకు ఆడతారేమోనన్న భయం! నవలను అరువిచ్చేటప్పుడు పాఠకుడు సంతోషిస్తాడేమోనని ఏ లైబ్రేరియనూ భయపడడు. మాకు ఇది నవ్వులాట కాదు. మా తాతల కాలంలో పనివేళ మాదిగోడు కాళ్లు చాపుకుని కూర్చుంటే దొర కంటికి నేరంగా కనపడేది. దళితుడి ఆట పాట డప్పు ఊరి పండగకు, ఊరి చావుకు కావాలి. తన సంతోషానికి వాడుకుంటే తలకెక్కిన పొగరు. శరీరాన్ని శ్రమకే లెక్కగట్టిన సమాజంలోంచి వచ్చినవాళ్లం, 'వినోదం కోసం వాడతారేమో' అనే వాక్యాన్ని అమాయకంగా చదవలేం. ఇక ఈ తీర్పు వల్ల ఆచరణలో జరిగేదేమిటి? పాత ఆట మీద పరిశోధన చేయాలంటే రోచెస్టర్‌కో స్టాన్‌ఫర్డ్‌కో మనిషి స్వయంగా పోవాలి. వీసా, విమాన టికెట్టు, అక్కడ ఉండడానికి డాలర్లు. నెలనెలా సరిగ్గా పడని ఫెలోషిప్ మీద బతికే మొదటితరం స్కాలరు ఆ గది తలుపు ఎన్నడు తట్టాలె?

మన చట్టం ఇంకా విచిత్రం. 1957 కాపీరైట్ చట్టానికి 2012లో సవరణ చేసినప్పుడు 52వ సెక్షన్‌లో గ్రంథాలయాల కోసం ఒక క్లాజు పెట్టారు. లాభాపేక్ష లేని ప్రజా గ్రంథాలయం ఒక రచనను భద్రపరచడానికి ఎలక్ట్రానిక్ పద్ధతిలో దాచుకోవచ్చు. షరతు ఏమిటంటే ఆ రచనకు డిజిటల్ కాని ప్రతి ఒకటి ఆ గ్రంథాలయం దగ్గర ముందే ఉండాలి. పుస్తకానికి ఇది సరిపోతుంది. కాగితం ప్రతి ఉంటుంది, స్కాన్ చేసుకుంటారు. వీడియో గేముకు డిజిటల్ కాని ప్రతి ఎక్కడినుంచి తెస్తారు? పుట్టుకతోనే డిజిటల్ అయినదానికి ఈ క్లాజు వర్తించే దారే లేదు. పొలం పట్టా చూపిస్తేనే భూమి పంచుతామని భూమిలేనోడికి చెప్పినట్టుంది. పుస్తకాలకు మూడు కాపీల దాకా తీసుకునే వెసులుబాటు ఇంకో క్లాజులో ఉంది. అది పుస్తకం, కరపత్రం, పటం లాంటివాటికే. కంప్యూటర్ ప్రోగ్రామును సక్రమంగా కొన్నవాడు నష్టం జరగకుండా తాత్కాలికంగా నకలు తీసుకోవచ్చని మరో క్లాజు ఉంది. తాత్కాలికంగానే. వందేళ్లు దాచేందుకు కాదు. పైగా 65ఎ సెక్షన్ కింద హక్కుల్ని ఉల్లంఘించే ఉద్దేశంతో డిజిటల్ తాళం పగలగొడితే రెండేళ్ల దాకా జైలు. గ్రంథాలయం భద్రత కోసం పగలగొడితే ఏమిటన్నది ఆ సెక్షన్‌లో పేరుపెట్టి రాయలేదు. ఏ లైబ్రేరియన్ ఆ సందిగ్ధంలో తల పెడతాడు?

1954 పుస్తకాల అందజేత చట్టం సంగతి సరేసరి. ప్రచురణకర్త తన ఖర్చుతో కోల్‌కతా జాతీయ గ్రంథాలయానికి, మరో మూడు ప్రజా గ్రంథాలయాలకు పుస్తకం పంపాలి. 1956లో వార్తాపత్రికల్ని చేర్చారు. ఆట లేదు, సాఫ్ట్‌వేర్ లేదు. ఇందులో ఒక తమాషా ఉంది. మన కాపీరైట్ చట్టం కంప్యూటర్ ప్రోగ్రామును 'సాహిత్య కృతి' కింద లెక్కేస్తుంది. హక్కుదారుకు రక్షణ ఇవ్వాల్సి వచ్చినప్పుడు అది సాహిత్యం. జనం కోసం దాచాల్సి వచ్చినప్పుడు కాదు. మన తెలుగు శాఖల్లో అయితే ఎప్పుడూ కాదు. సాహిత్యం అనే మాటను ఎవరి అవసరానికి ఎట్లా సాగదీస్తారో దళిత సాహిత్య విమర్శకు బాగా తెలుసు. పాటను సాహిత్యం కాదన్నవాళ్లే తర్వాత పాటమీద పీహెచ్‌డీలు చేయించారు.

ఒక విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో మేం పోగుచేసిన పాత క్యాసెట్లు, రెండు డబ్బాలు, కొన్ని సీడీలు ఇస్తామని దరఖాస్తు పెట్టుకున్నాం. పైసా అడగలేదు. ఒక బీరువా అడిగాం. 'ఇది లైబ్రరీ అనుకున్నారా, ఇంటర్నెట్ సెంటర్ అనుకున్నారా' అన్నారు. తర్వాత ఇంకో అధికారి మర్యాదగా అసలు ఇబ్బంది చెప్పారు. రిజిస్టర్‌లో ఎక్కించాలంటే రచయిత, ప్రచురణకర్త, పుటల సంఖ్య, వెల రాయాలి. నకిలీ క్యాసెట్‌కు రచయిత ఎవరు? పుటలెన్ని? వెల రసీదు ఏది? ఆయన తప్పేం లేదు. ఆ రిజిస్టర్ గడులు ఎవరి జ్ఞానాన్ని ఊహించుకుని గీశారో అడగాల్సింది అక్కడ. మా నాయనమ్మ పాటలకూ ఆ రిజిస్టర్‌లో గడి లేదు.

అసలు ఆటను దాచడమంటే ఏమిటి? ఇది సాంకేతిక ప్రశ్నగా కనపడుతుంది గానీ మా అనుభవంలో దీనికి పాత జవాబులున్నాయి. చేర్యాల నకాషీ పటాలు తీసుకోండి. డక్కలి వాళ్లు మాదిగ వాడకు వచ్చి, పటం విప్పి, జాంబపురాణం చెప్తారు. పటం ఒక్కటే కథ కాదు. చెప్పేవాడు, వినే కులం, ఆ రాత్రి, ఇచ్చే త్యాగం కలిస్తేనే కథ. మ్యూజియంలో పటాన్ని గోడకు కొట్టి, రంగుల గురించి, శైలి గురించి కింద చీటీ రాస్తారు. చెప్పే డక్కలి ఎక్కడున్నాడో ఆ చీటీలో ఉండదు. వీడియో గేము కూడా అంతే. క్యాసెట్‌ను చల్లటి గదిలో వందేళ్లు ఉంచినా, దాన్ని నడిపే యంత్రం లేకపోతే, ఆడే చెయ్యి లేకపోతే, అది ప్లాస్టిక్ ముక్క.

ఇందుకోసం పరిశోధకులు ఎక్కువగా చెప్పే మార్గాలు రెండు. పాత యంత్రాన్నే బాగుచేసుకుంటూ పోవడం ఒకటి. రెండోది ఎమ్యులేషన్: కొత్త కంప్యూటరు పాత యంత్రం వేషం కట్టడం. 1997లో వచ్చిన 'మేమ్' అనే ప్రోగ్రాము ఆర్కేడ్ యంత్రాల వేషం కట్టింది. ఔత్సాహికులు ఊరికే చేసిన పని అది. ఇంటర్నెట్ ఆర్కైవ్ 2015లో రెండువేలకు పైగా పాత డాస్ ఆటల్ని బ్రౌజరులోనే ఆడుకునేట్టు పెట్టింది. వేషం మంచిదే. చిందు భాగోతంలో వేషం కట్టినవాడే దేవుడు. కానీ ఎమ్యులేటరు టీవీ తెర మిణుకును, తుపాకి గురిని, వెనక నిలబడి 'దుంకు, దుంకు' అని అరిచే పదిమందిని తిరిగి తేలేదు. బొమ్మ తుపాకి పాత గాజు టీవీలతోనే పనిచేస్తుంది. ఇప్పటి పల్చటి టీవీకి తగిలిస్తే బాతు చావదు.

పాత యంత్రాన్ని బాగుచేసే విద్య ఎవరి దగ్గరుందో చూడండి. ఏ విశ్వవిద్యాలయంలోనూ లేదు. ఆబిడ్స్ జగదీశ్ మార్కెట్‌లో, కోఠి గుజరాతీ గల్లీలో సోల్డరింగ్ కడ్డీ పట్టుకుని కూర్చున్న చేతుల్లో ఉంది. ఢిల్లీ సీలంపూర్‌లో ఎలక్ట్రానిక్ చెత్తను ఒట్టి చేతులతో విడగొట్టి రాగి తీసే పేద ముస్లిం, దళిత కుటుంబాల దగ్గర ఉంది. ఏ చిప్పు ఎందులోది, ఏది ఇంకా బతికుంది అన్నది వాళ్లు చూపుతోనే చెప్పగలరు. ఆ యంత్రాల ఆఖరి మజిలీ వాళ్ల ఊపిరితిత్తుల మీదుగానే నడుస్తోంది. ఆటల ఆర్కైవ్ గురించి రాసేవాళ్లు డిజైనర్ల ఇంటర్వ్యూలు తీసుకుంటారు, మంచిదే. ఈ మెకానిక్‌ల, చెత్త విడగొట్టేవాళ్ల ఇంటర్వ్యూలు ఎవరు తీసుకుంటారు? మా దృష్టిలో గ్రంథాలయం మొదట దాచాల్సింది వీళ్ల మాట. క్యాసెట్ తర్వాత.

ఇక ఏ ఆటల్ని దాచాలన్న ప్రశ్న. 2009లో హైదరాబాద్‌లోని ఆరోనా టెక్నాలజీస్ 'హనుమాన్: బాయ్ వారియర్' అనే ఆటను ప్లేస్టేషన్ 2 కోసం తయారుచేసింది. పూర్తిగా భారతదేశంలో తయారైన తొలి కన్సోల్ ఆటగా దాన్ని చెప్పుకున్నారు. ఆటగా అది పేలవం. కానీ దాని చుట్టూ జరిగిన గొడవ గుర్తుంచుకోదగ్గది. అమెరికాలోని ఒక హిందూ సంస్థ నాయకుడు దాన్ని వెనక్కి తీసుకోవాలన్నాడు. ఆటగాడు బటన్లు నొక్కి దేవుణ్ణి ఆడించడం దేవుణ్ణి చిన్నబుచ్చడమని వాదన. ఈ అభ్యంతరంలో ఉన్న సత్యాన్ని ఆయనకన్నా మేమే ఎక్కువ గుర్తిస్తాం. గర్భగుడి గడప దాటనివ్వని చెయ్యి, కంట్రోలరు పట్టుకుంటే హనుమంతుణ్ణి ఎగిరించగలదు, గోతిలోనూ పడేయగలదు. ఆ బటన్ కులం అడగదు. అయితే బటన్ మా చేతిలో ఉన్నా కథ మాది కాదు. తెరమీద మేం కొట్టాల్సినవాళ్లు రాక్షసులు. 2020లో పుణెవాళ్లు తెచ్చిన 'రాజీ' ఆట చూడటానికి అందంగా ఉంటుంది, ఆడపిల్ల కథానాయిక. అక్కడా దుర్గ ఇచ్చిన ఆయుధంతో అసురుల్ని చంపుకుంటూ పోవాలి. మహాత్మా ఫూలే 1873లో 'గులాంగిరీ' రాసి బలిని మన రాజుగా నిలబెట్టాక, అసురుడంటే ఎవరన్న ప్రశ్న ఈ దేశంలో తేలిపోయిన ప్రశ్న కాదు. కంప్యూటర్ యుగంలో హైదరాబాదు, పుణె నగరాలు అసురుణ్ణి ఏ రంగులో, ఏ ముఖంతో గీశాయో రేపు ఒక దళిత విద్యార్థి పరిశోధించాలనుకుంటే ఏం చూస్తాడు? ప్లేస్టేషన్ 2 తయారీ 2013 మొదట్లోనే ఆగిపోయింది. మన రాష్ట్రాల ప్రజా గ్రంథాలయాల్లో ఆ డిస్కును అడిగి చూడండి.

నచ్చని ఆటల్ని దాచడమెందుకని మా మిత్రులే అడిగారు. మమ్మల్ని తిట్టిన గ్రంథాలు దాచి ఉండబట్టే వాటిని తగలబెట్టే హక్కూ, వాటికి జవాబు రాసే హక్కూ మాకు దక్కాయి. 1982లో అమెరికాలో 'కస్టర్స్ రివెంజ్' అని ఒక ఆట వచ్చింది. ఆదివాసీ స్త్రీ మీద అత్యాచారం అందులో ఆట. ఆదివాసీలు, స్త్రీలు వీధికెక్కి నిరసన తెలిపారు. ఆ క్యాసెట్ మిగలకపోతే రేపు కంపెనీలు అట్లాంటిదేం లేదంటాయి. సాక్ష్యం అవతలివాడి చేతిలో ఉంటే కేసు ఏమవుతుందో అట్రాసిటీ కోర్టుల చుట్టూ తిరిగినవాళ్లకు చెప్పాలా?

ఇదే దృష్టితో ఫోన్ ఆటల్ని చూడాలె. 2016లో డేటా చౌక అయ్యాక మా తమ్ముళ్ల తరం మొత్తం ఫోన్‌లోనే ఆడింది. గంట లెక్కన పైసలు కట్టే షాపులు మూతబడ్డాయి. 2020 సెప్టెంబర్ 2న కేంద్రం పబ్జీ మొబైల్‌ను నిషేధించింది. అక్టోబర్ చివరికి సర్వర్లు ఆగిపోయాయి. 2021లో వేరే పేరుతో తిరిగి వచ్చింది, 2022లో మళ్లీ పోయింది, 2023లో మళ్లీ వచ్చింది. ఫ్రీ ఫైర్ 2022 ఫిబ్రవరిలో పోయింది. నిషేధం తప్పా ఒప్పా అన్నది వేరే చర్చ. ఆ రెండేళ్లు చెట్టుకింద నలుగురు కూర్చుని, హెడ్‌ఫోన్లలో తెలుగు, ఉర్దూ, హిందీ కలిపి అరుచుకుంటూ ఆడిన ఆట ఇప్పుడు ఎక్కడుంది? పట్టుకోవడానికి క్యాసెట్ కూడా లేదు. సర్వరు కంపెనీది. కొన్న ఆటకూ ఇదే గతి. యుబిసాఫ్ట్ 2024 మార్చి 31న 'ద క్రూ' అనే ఆట సర్వర్లు ఆపేసింది. డిస్కు కొన్నవాళ్ల దగ్గర డిస్కుంది, ఆట లేదు.

రమ్మీ సంగతి మరీ ముఖ్యం. పైసలు పెట్టి ఆడే ఆన్‌లైన్ రమ్మీని తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ చట్టం చేసింది. ఇల్లు గుల్ల చేసిన ఆటను ఎవరు దాచమంటారు? మేం అంటాం. మొదట గెలిపించి తర్వాత గుంజే ఆ బోనస్ లెక్కలు, అర్ధరాత్రి వచ్చే మెసేజీలు, పండగ పూట రంగులు, సినిమా హీరో నవ్వు - ఇవన్నీ కలిసి ఒక యంత్రం. ఆ యంత్రం ఎట్లా పనిచేసిందో రేపు అర్థం చేసుకోవాలంటే యాప్‌ను భద్రంగా ఎక్కడో ఆడించి చూపగలగాలి. సారా వేలంపాటల కాగితాలు మిగిలాయి కాబట్టి సారా చరిత్ర రాయగలుగుతున్నాం. రమ్మీ కాగితం కంపెనీ డిలీట్ బటన్ కింద ఉంది.

ఇక్కడికొచ్చాక ఒక ప్రశ్న తప్పదు. హాస్టళ్లలో నీళ్లు లేవు, బ్యాక్‌లాగ్ పోస్టులు నింపలేదు, మీకు వీడియో గేములు కావాల్సి వచ్చాయా? ఈ మాట అన్నవాళ్లలో మావాళ్లూ ఉన్నారు, వాళ్ల కోపాన్ని గౌరవిస్తాం. చిక్కడపల్లి గ్రంథాలయంలో గ్రూప్స్‌కు చదివే పిల్లలు కుర్చీ కోసం పొద్దున్నే పోయి పుస్తకం పెట్టుకుని కాచుకుంటారు. వాళ్లకు కుర్చీ ముందు. అందులో తగాదా లేదు. కానీ మలయాళ తొలి మూకీ 'విగతకుమారన్'ను గుర్తుచేస్తాం. అందులో నాయర్ స్త్రీ పాత్ర వేసినందుకు పి.కె. రోజీ అనే దళిత స్త్రీని తరిమికొట్టారు. ఆ సినిమా రీలు ఇవ్వాళ లేదు. తెరమీద ఆమె ఎట్లా నడిచిందో, ఎట్లా నవ్విందో చూసే వీలు లేదు. అప్పుడూ దళితులకు సినిమాకన్నా అత్యవసరమైన సమస్యలు చాలానే ఉన్నాయి. అవి ఉన్నాయి కాబట్టి రీలు అక్కర్లేదని ఎవరైనా అని ఉంటే, నష్టం ఎవరికి జరిగిందో చూసుకోవచ్చు.

డబ్బు లేదనే మాట కూడా సగమే నిజం. 1960 గ్రంథాలయ చట్టం కింద ఇంటిపన్ను రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్ను వసూలవుతుంది. వాడలో రేకుల ఇల్లున్నోడూ ఇంటిపన్నుతో పాటు అది కడుతున్నాడు. వసూలు చేసిన మునిసిపాలిటీలు ఆ సొమ్మును గ్రంథాలయ సంస్థలకు సరిగ్గా జమచేయవన్నది అందరికీ తెలిసిన సంగతే. జిల్లా కేంద్ర గ్రంథాలయంలో ఒక గది, రెండు పాత గాజు టీవీలు, బాగుచేసే మెకానిక్‌కు జీతం - ఇది ఆకాశానికి నిచ్చెనలు వేయడం కాదు. ఆ మెకానిక్ ఉద్యోగానికి డిగ్రీ అడగొద్దన్నది మా పట్టుదల. చట్టంలో 'డిజిటల్ కాని ప్రతి' అన్న షరతు తీసేయాలని, 1954 చట్టంలో ఆటను, సాఫ్ట్‌వేర్‌ను చేర్చాలని గ్రంథాలయ సంఘాలు అడగాలి. అడిగేటప్పుడు నకిలీ క్యాసెట్‌ను కూడా కలిపి అడగాలి. లేకపోతే వచ్చే ఆర్కైవ్ కూడా సీలు పెట్టెల ఆర్కైవే అవుతుంది.

ఈలోగా మేం ఒక జాబితా మొదలుపెట్టాం. 1990 నుంచి 2010 మధ్య తెలంగాణ, ఆంధ్ర పట్టణాల్లో నడిచిన వీడియో గేమ్ షాపులవి. ఏ ఊరు, ఏ వీధి, గంటకు ఎంత తీసుకునేది, ఏ ఆటలుండేవి, ఎవరిని లోపలికి రానిచ్చేది, ఎవరిని బయట నిలబెట్టేది, ఎప్పుడు మూతబడింది. షాపు నడిపినవాళ్ల పేర్లు వాళ్లు ఒప్పుకుంటేనే రాస్తాం. ఇప్పటిదాకా వచ్చినవన్నీ మగవాళ్ల జ్ఞాపకాలే. ఆ షాపుల గడప దాటి ఆడిన ఆడపిల్లలెవరైనా ఉంటే ముందు వాళ్లు రాయాలని కోరుతున్నాం. మీ ఇంట్లో అటకమీద క్యాసెట్లు, డబ్బాలు ఉంటే తుడవకుండా, కడగకుండా, ఉన్నదున్నట్టు పత్రిక చిరునామాకు కబురు పెట్టండి. వచ్చి తీసుకుపోతాం.